నార ఏరిన అప్ప

పోయిన నెల ఒక అమ్మాయి పీహెచ్‌డీ వైవాకి నన్ను పిలిచారు. రిటైరై చాలా ఏళ్లయింది గానీ, మొక్కల నార కలిపి చేసే ప్లాస్టిక్ రేకుల మీద ఎవరైనా పరిశోధన చేస్తే ఇంకా నా పేరు గుర్తొస్తుంది వాళ్లకి. ఆ అమ్మాయి థీసిస్‌లో, ప్రయోగం ఎలా చేసిందో చెప్పేచోట ఒక వాక్యం ఉంది. ఈ నార ఏరిపెట్టింది ఫలానా ఊరి ఫలానా ఆమె, చిన్నప్పటినుంచీ నార పనిలో ఉన్న మనిషి అని. నా పక్కనున్న పరీక్షకుడు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాడు.

"ఇది సైన్సు కదమ్మా. ఈవిడ పేరు ఇక్కడెందుకు?" అన్నాడు.

"ఆవిడ ఏరకపోతే ఈ ఫలితాలు రావు సార్. రేపు ఇంకొకరు ఇదే చేసి చూస్తే, ఎందుకు రాలేదో వాళ్లకి తెలియాలి కదా" అంది ఆ అమ్మాయి.

ఆయన నా వైపు చూశాడు. నేను బాగుందన్నట్టు తలూపాను. అడుగుదామని నాలుగు ప్రశ్నలు రాసుకెళ్లాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

అప్ప గుర్తొచ్చింది. అప్ప అంటే మా వైపు అక్క. ఆమె నాకు చుట్టం కాదు, పక్కం కాదు. మిల్లులో అందరూ అలా పిలిచేవారు, నేనూ పిలిచాను. ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాయనివాడు, అంతా అయిపోయాక తీరిగ్గా రాసుకోవడం బాగుండదు.

అరవైల చివరి మాట ఇది. నాకు ఇరవై నాలుగేళ్లు. విజయనగరంలో మా నాన్నకి కిరాణా కొట్టుండేది. ఇంజినీరింగ్ పాసైన కొడుకు రోడ్లూ వంతెనలూ కట్టకుండా మళ్లీ చదువంటాడేమిటని ఆయన బాధ.

"ఇంతకీ ఆ కాలేజీలో ఏటి సేస్తన్నావురా?" అని అడిగాడొకసారి.

"గోగునార మీద రసాయనం జిగురు పోసి రేకులు చేస్తున్నాం నాన్నా."

"గోగుకూరతో పచ్చడి సేస్తారు, నారతో గోనెలు సేస్తారు. రేకులేట్రా?"

ఆయనకి చెప్పినట్టే ఇక్కడా చెప్తాను. అప్పట్లో విమానాలకీ పడవలకీ గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్ వాడడం మొదలైంది. గాజుపోగు పైదేశాల నుంచి రావాలి. మా గైడు గారికి ఒక ఆలోచన వచ్చింది. గాజుకి బదులు మన పొలాల్లో పండే గోగునార ఎందుకు వాడకూడదు, దానితో ఇళ్లకి గట్టి కప్పురేకులు ఎందుకు చేయకూడదు అని. అందులో నా వాటా ఒక సూత్రం కనిపెట్టడం. ఒక్కొక్క నార ఎంత లాగితే తెగుతుందో తెలిస్తే, రేకు మొత్తం ఎంత బరువు మోస్తుందో చేయకముందే లెక్కకట్టి చెప్పగలగాలి.

చీపురుపల్లి సంతలో నార కొనుక్కొచ్చాను. ఒక్కొక్క నారనీ చిన్న కాగితం చట్రానికి అంటించి, కొక్కేనికి తగిలించి, కింద డబ్బా కట్టి, నార తెగేదాకా ఆ డబ్బాలో సన్నగా ఇసక పోయడం. తెగ్గానే ఇసక తూచడం. మూడు నెలలు అదే పని. ఒక నార నాలుగు గుప్పెళ్లకి తెగితే, అదే కట్టలోని ఇంకో నార గుప్పెడుకే తెగేది. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి తీసుకెళ్తే గైడు గారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

"ఆవాలు చల్లావుటోయ్? గీత ఏది ఇందులో?" అన్నారు. "బజారు నార పనికిరాదు. ఏదైనా మిల్లుకి పోయి తెచ్చుకో."

అలా విజయనగరం దగ్గరే ఉన్న ఒక జూట్ మిల్లుకి వెళ్లాను. మేనేజరు మర్యాదస్తుడు. నార ఎంత కావాలన్నా తీసుకోండి, బదులుగా మీరు కనుక్కున్నది మాకు నాలుగు పేజీల్లో రాసివ్వండి చాలు అన్నాడు. నార దించే యార్డుకి పంపించాడు.

రేకుల షెడ్డులో పద్దెనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని నార ఏరుతున్నారు. చివర గోనె పరుచుకుని, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చున్న మనిషి అప్ప. యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. దుమ్ము పడకుండా కొప్పుమీద గోనెగుడ్డ ముక్క కట్టుకుంది. మోపులోంచి ఒక పాయ లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొదలునుంచి కొసదాకా జారనిచ్చి, ఎడమకో కుడికో వెనక్కో పడేస్తోంది. మూడు కుప్పలు. నార వైపు చూడడం లేదు. చూపు గేటు మీద ఉంది, నోరు పక్కనున్న ఆమెతో మాట్లాడుతోంది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఏటి బాబూ, ఆ సంచిలో ఏటున్నాది?" అంది నన్ను చూసి.

మూడు నెలలు నన్ను ఏడిపించిన చీపురుపల్లి నార తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని, నాలుగు పాయలు జారవిడిచి, మూడు చోట్ల పెట్టింది.

"ఇది పువ్వు మీద కోసినారు. మంచి నార. ఇది గింజ ముదిరిపోనాక కోసినారు, మొద్దు. ఇదిగో ఇది గుంటలో ఊరేసి మరిసిపోనారు. పైకి తెల్లగ ముద్దొస్తాది గానీ లోపల సచ్చిపోనాది. మూడూ కలిపీసి నీ బలమేటే అనడిగితే అదేటి సెప్తాది?"

నేను ఆ పూట మిల్లులోనే కూర్చున్నాను. తర్వాత దాదాపు ఒక సీజనంతా కూర్చున్నాను.

అప్పకి నార పట్టుకుంటే ఊరు తెలిసేది. మోపు విప్పుతూనే, "ఇది రామతీర్తం కాడి గుంటల నీళ్లది" అనేది. ఇంకోటి, "కోటబొమ్మాళి వైపుది. ఆల్ల మట్టి నలుపు" అనేది. గుమస్తా చీటీ చూసి తలూపేవాడు. మొదట్లో నేను చీటీలు నేనే దాచి పరీక్షించాను. నాలుగు రోజులకి సిగ్గేసి మానుకున్నాను.

మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు దాటి, రోడ్డవతల కూర్చుని చుట్ట కాల్చేది, మా వైపు పాతకాలం ఆడవాళ్లలాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నార ఉన్నచోటు గనక మిల్లులోపల చుట్టా బీడీ కూడదు. వాచ్‌మన్ ఒకసారి వేళాకోళానికి, "నీ నిప్పు నోట్లోనే ఉంటాది కదే అప్పా, లోపల కాల్సుకుంటే ఎవులు సూస్తారు?" అన్నాడు.

"నోట్లో నిప్పు నాది. లోపల నార నాది కాదు కద" అంది.

నాకు నేర్పాలని చూసింది. కళ్లు మూసుకోమని రెండు పాయలు చేతిలో పెట్టి ఏది మంచిదో చెప్పమనేది. తప్పు చెప్తే నవ్వేది కాదు. "మల్లీ సూడు. గట్టిగ పట్టకు. అడగాల గానీ నార్ని బెదిరించకూడదు" అనేది. నాకు అలవడలేదు. ఒక్కసారి మాత్రం వరసగా అయిదు సరిగ్గా చెప్తే, కొంగుముడి విప్పి వేయించిన వేరుశనక్కాయలు గుప్పెడు పెట్టింది. నా డిగ్రీ నాడు కూడా అంత గర్వపడలేదు.

ఒకసారి ఆమె మూడు కుప్పల్లో మంచిదాన్నుంచి తీసిన నార కాలేజీకి పట్టుకెళ్లి మళ్లీ ఇసక పోశాను. ఈసారి నారలన్నీ దగ్గరదగ్గరగా ఒకే బరువుకి తెగాయి. రేకులు చేసి విరిచి చూస్తే, నా సూత్రం చెప్పినట్టే విరిగాయి. గ్రాఫు కాగితం మీద చుక్కలన్నీ గీత పట్టుకుని నడిచాయి. ఆ కాగితం మడత పెట్టుకుని రైలెక్కి వచ్చి ఆమెకి చూపించాను.

"సీమలబారు లాగున్నాది" అంది.

"ఒక్కొక్క చుక్కా ఒక నార అప్పా. నువ్వు ఏరినవే."

కాగితం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇన్ని తెంపీసినావా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. పెంచిన కోడిపిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టు అంది.

పేపరు రాయడానికి కూర్చున్నప్పుడు గైడు గారు అడిగారు. "నార ఎలా ఎంచావు?"

"మిల్లులో ఒకామె ఏరిపెట్టింది సార్. చేత్తో చూసి."

"అలా రాస్తే చదివేవాడు ఏం చేస్తాడయ్యా? ఆమెను పార్సిల్ చేసి పంపమంటాడా? ఏ ఎంపికా లేకుండా మోపులోంచి తీసిన నార అని రాయి. అందరూ అలాగే రాస్తారు."

ఆయన మీదికి నెట్టేసి తప్పించుకోవడం తేలిక. చాలా ఏళ్లు అదే చేశాను. నిజానికి నేను ఒక్కమాట కాదని ఉంటే ఆయన వినేవారే, మూర్ఖుడు కాదు. నేను అనలేదు. ఆయన చెప్పిన వాక్యం నాకూ నచ్చింది. ఏ ఎంపికా లేదంటే, గోగునార అంతా ఒకేలా ఉంటుందని, దాని బలాన్ని పట్టిన సూత్రం నాదని అర్థం. ఆమె ఏరిందని రాస్తే నా సూత్రం ఆమె వేళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తుంది. నిలబడింది దాని మీదే. అది కనబడకూడదనుకున్నాను.

పేపరు అచ్చయింది. మిల్లు మేనేజరుకి మాట ఇచ్చినట్టే నాలుగు పేజీలు రాసిచ్చాను. కొత్తగా ఏం రాస్తాను, పేపరులో ఉన్నదే కుదించాను. మోపులోంచి ఎలా తీసినా గోగునార బలంలో పెద్ద తేడా లేదు అని. ఆయన చాలా సంతోషించి, మిల్లు కవరులో కృతజ్ఞతలు రాసి పంపాడు. ఆ ఉత్తరం మా నాన్న కొట్లో గల్లాపెట్టె పైన అద్దం కట్టించి పెట్టుకున్నాడు.

మళ్లీ గోగు కోతలు వచ్చాయి. థీసిస్ పంపేశాక, ఇంకో రకం రేకులు చేసి చూడడానికి కొంచెం నార కావలసి మిల్లుకి వెళ్లాను. షెడ్డు ఖాళీగా ఉంది. మోపులు బండ్లమీంచి దిగి తిన్నగా లోపలికి, దువ్వే యంత్రాల్లోకి పోతున్నాయి.

"అప్ప ఏది?" అని గుమస్తాని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మీకు తెలీదేటి బాబూ? ఏరుడు ఎత్తీసినారు కద. కొందర్ని ఊడ్సడానికి ఏసినారు. పెద్దోల్లని ఇంటికి పంపీసినారు."

"ఎందుకు?"

"నార ఎలగ తీసినా ఒకటేనని మీరే కద రాసినారు. మేనేజరు గారు మీటింగులో సదివినారు."

అక్కడే ఒక మోపు మీద కూర్చుండిపోయాను. మేనేజరు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. చదువుకున్నవాడు తూచి చూసి రాశాడు, ఆయన నమ్మాడు. ఏరడం అక్కర్లేదని రుజువు చేసినవాడు, ఏరిన నార సంచిలో వేసుకెళ్లి చేశాడని ఆయనకేం తెలుసు.

మర్నాడు చీపురుపల్లిలో రైలు దిగి, కనుక్కుంటూ నాలుగు మైళ్లు నడిచి, పని పోయాక ఆమె తిరిగి చేరిన సొంత ఊరు వెళ్లాను. ఊరి బయట గోగు ఊరవేసిన గుంట. దూరానికే ఆ కుళ్లు వాసన. నడుంలోతు నీళ్లలో ఆడామగా నిలబడి, ఊరిన కట్టెల్ని కొట్టి నార ఒలుస్తున్నారు. వాళ్లలో అప్ప ఉంది. కొప్పుమీద గోనెగుడ్డ లేదు, అందుకని ముందు పోల్చుకోలేదు. ఆమే నన్ను చూసి గట్టుకి వచ్చింది.

"ఏటి బాబూ ఇంత దూరం? నార గావాలేటి?"

అంతా చెప్పాను. పేపరులో ఏం రాశానో, ఎందుకు రాశానో, మిల్లుకి ఏం రాశానో. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వింది. ఆమె వెనక నీళ్లలో ఎవరో కట్టెలు కొడుతూనే ఉన్నారు.

"నా పేరు రాయకపోతే మానె. నా పేరు ఎవుడిక్కావాల" అంది చివరికి. "నా పనైనా రాయవలిసింది బాబూ. ఏరినారు అని ఒక్క ముక్క."

"ఇప్పుడు రాస్తాను అప్పా. తప్పు రాశానని మేనేజరుకి ఉత్తరం రాస్తాను."

"రాయి" అంది. నమ్మింది. వెనక్కి నీళ్లలోకి దిగుతూ, "ఎండలో నడవకు, సాయంత్రం బండికి పో" అంది.

ఆ వారంలోనే పంపి ఉంటే ఈ కథ నేను రాయక్కర్లేదు. ఉత్తరం రాశాను కూడా. పోస్టు చేసేముందు గైడు గారికి చూపించాను. ఆయన చదివి, మడతపెట్టి, నా జేబులో పెట్టారు.

"నువ్వు చేసేది మంచిపనే. కానీ థీసిస్ పరీక్షకుల చేతుల్లో ఉంది. నారని ఏరించి ఏరలేదని రాశానని నువ్వే ఒప్పుకుంటే, అది ఎక్కడికి పోతుందో తెలుసా? వైవా కానీ. అయిన మర్నాడు పోస్టు చెయ్యి."

ఒకటి రెండు నెలలనుకున్నాం. పరీక్షకుడు పైదేశంలో ఉన్నాడు. పుస్తకం వెళ్లడానికి, రావడానికి, ఆయన ప్రశ్నలకి జవాబులకి సంక్రాంతి దాటింది, ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. ఉత్తరం నా ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. బట్టలు తీసినప్పుడల్లా చేతికి తగిలేది. ఈ నెల ఆగుదాం అనుకునేవాణ్ణి. ఆమెకి కబురైనా పెట్టలేదు. ఏమని పెట్టను?

వైవా అయింది. మర్నాడే పోస్టు చేశాను. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

మేనేజరు నుంచి వారంలో జవాబు వచ్చింది. కోప్పడలేదు. ఏడాదిగా దారాలు తెగిపోతున్నాయని, రైతులు మోసం చేస్తున్నారనుకున్నామని, ఇప్పుడర్థమైందని రాశాడు. ఆ పెద్దావిడని వెంటనే తీసుకురండి, మళ్లీ షెడ్డు తెరుస్తాను అని. నేను ఉత్తరం పట్టుకుని వాళ్ల ఊరికి పరుగెత్తాను. అప్పటికి గోగు ఇంకా కోతకి రాలేదు. ఆమె రోడ్డుపక్క కంకర కొడుతోంది. గుంట పని అయిపోయాక ఏడాదంతా అదే పని చేసిందట. ఉత్తరం చదివి వినిపిస్తే సుత్తి పక్కన పెట్టి, "ఐతే రేపే పోదాం" అంది. మొహం విప్పారింది. ఇంత ఆలస్యమెందుకైందని అడగలేదు.

మర్నాడు షెడ్డులో గోనె పరిచారు. మిల్లు గోదాములో మిగిలిన పాత నార మోపు తెచ్చి ముందు వేశారు. మేనేజరు కుర్చీ వేయించుకు కూర్చున్నాడు. అప్ప ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుని, పాయ లాగి వేళ్ల మధ్య జారనిచ్చింది. ఆగింది. మళ్లీ జారనిచ్చింది. ఎడమకి వేసింది. తర్వాతది చాలాసేపు పట్టుకుని, నార వైపు చూసింది. ఆమె నార వైపు చూడడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లతో ఏరడం మొదలుపెట్టింది. పక్కన పాత ఏరుడు మనిషి ఒకామె నిలబడి ఉంది. అప్ప మంచికుప్పలో వేసిన పాయ ఒకటి తీసి, రెండు చేతులా పట్టుకుని మెల్లిగా లాగింది. చప్పుడు లేకుండా తెగిపోయింది. ఆమె దాన్ని కొంగులో దాచబోయింది. అప్ప చూసింది.

"దాసకే" అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "తెలీడం నేదు బాబూ. సేతేళ్లు మొద్దుబారిపోనాయి. నీళ్లకీ రాళ్లకీ తోలు కాయకట్టీసినాది. దీన్ని పెట్టుకోండి. నాను నేర్పిన పిల్లే, బాగ సేస్తాది" అంది.

మేనేజరు, పరవాలేదు, కొన్నాళ్లు పోతే మళ్లీ వస్తుందేమో, ఉండమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తెలీకుండా కూర్చుని తెలిసినట్టు వేస్తే అది అబద్ధమని, తనకి అలవాటు లేదని అంది. నా వైపు చూసి అనలేదు. అయినా నేను తల దించుకున్నాను.

స్టేషనుదాకా ఇద్దరం నడిచాం. ఆమెకి చీపురుపల్లి టిక్కెట్టు నేను తీశాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీగా ఉన్నా కింద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటున్నాను. బండి వస్తున్నట్టు గంట కొట్టారు.

"నీ సదువు ఐపోనాదా బాబూ?" అని అడిగింది.

"అయిపోయింది అప్పా. డిగ్రీ ఇచ్చేశారు."

"ఉజ్జోగం?"

"అక్కడే కాలేజీలో ఇస్తామన్నారు."

"మంచిదే" అంది లేస్తూ. "ఇద్దరిలో ఒకలమైనా గట్టెక్కినాం."

ఎత్తిపొడుపేమోనని ఆమె మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే సంతోషంగా ఉంది.